సివిసీఆర్ఎం: మనిషికి ఒక్కటే రికార్డు

నమస్కారం. స్వచ్ఛంద సంస్థల కోసం తయారైన సివిసీఆర్ఎం అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కాంటాక్టులు, అంటే మనతో సంబంధం ఉన్న మనుషుల, సంస్థల వివరాలు, ఎలా ఎక్కించాలో ఈ వీడియోలో చూద్దాం. ఇన్‌స్టాలేషన్ జోలికి వెళ్లడం లేదు. అది ఎవరో ఒకరు ఒకసారి చేసిపెట్టే పని. కాంటాక్టులు అలా కాదు, ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు వాటిని ముట్టుకుంటూనే ఉంటారు. కంగాళీ అయ్యేది కూడా అక్కడే.

[తెర మీద: డెమో సైట్, లాగిన్ అయ్యాక వచ్చే మొదటి పేజీ]

ఇది ప్రాజెక్టు వాళ్లే నడిపే డెమో సైట్. మీరూ ఇందులోనే చేసి చూడొచ్చు. ఏం చెడగొట్టినా ఫర్వాలేదు, ఎప్పటికప్పుడు మొత్తం తుడిచేసి కొత్తగా పెడుతుంటారు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఈ లాగిన్ లోకమంతటికీ తెలిసినదే, కాబట్టి మీ దాతల అసలు పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ టైప్ చేయకండి.

ముందు దీని గురించి నాలుగు ముక్కలు. తొలి వెర్షన్ 2005లో వచ్చింది. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు, డేటా మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ అనే డేటాబేస్‌లో ఉంటుంది. మీ వెబ్‌సైట్ వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా, బ్యాక్‌డ్రాప్‌లలో దేంతో నడుస్తున్నా దానిలోపలే ఇదీ నడుస్తుంది. అవేవీ వద్దనుకునేవాళ్లకు ఇప్పుడు స్టాండలోన్ వెర్షన్ కూడా ఉంది. వికీపీడియా వెనక ఉన్న వికీమీడియా ఫౌండేషన్ తన దాతల వివరాలు దీంట్లోనే పెట్టుకుంటుంది. అయితే వాళ్లకు సొంత ఇంజినీర్లు ఉన్నారు, అది చూసి మనం ధైర్యం తెచ్చుకోనక్కర్లేదు. లైసెన్స్ ఏజీపీఎల్ వెర్షన్ 3, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్, ఫీజు ఏమీ ఉండదు. కానీ సర్వర్ ఖర్చు, బ్యాకప్, అప్‌డేట్లు చేసే మనిషి, ఇవి మీరే చూసుకోవాలి. ఉచితమే కదా అని వీటికి బడ్జెట్ పక్కన పెట్టకుండా మొదలుపెట్టేకన్నా, ఎక్సెల్‌లో ఉండిపోవడమే నయం.

ఎక్సెల్ మాట వచ్చింది కాబట్టి, అసలు సమస్య ఎక్కడుందో చూద్దాం. రమాదేవి అనే ఒకావిడ ఉన్నారనుకోండి. విరాళం ఇచ్చారు, దాతల షీట్‌లో ఆవిడ పేరుంది. ఒక కార్యక్రమానికి వచ్చారు, హాజరు షీట్‌లో ఉంది. ఆదివారాలు వాలంటీర్‌గా వస్తారు, ఆ షీట్‌లో "రమ" అని ఉంది. న్యూస్‌లెటర్ జాబితాలో పేరే లేదు, ఈమెయిల్ ఒక్కటే ఉంది. ఇప్పుడు ఆవిడ, "నాకు ఈమెయిళ్లు పంపకండి" అన్నారు. మీరు న్యూస్‌లెటర్ షీట్‌లోంచి తీసేశారు. వచ్చే నెల ఇంకొకరు దాతల షీట్ తీసుకుని అందరికీ ఈమెయిల్ కొట్టారు. ఆవిడకు కోపం రాదా? తప్పు పంపినవాళ్లదీ కాదు, తీసేసినవాళ్లదీ కాదు. ఒక మనిషి నాలుగు చోట్ల ఉండటమే తప్పు.

[తెర మీద: కాంటాక్ట్స్ మెనూ, కొత్త ఇండివిడ్యువల్]

ఇక్కడ కాంటాక్ట్స్ మెనూలో కొత్త ఇండివిడ్యువల్ నొక్కుతున్నాను. పేరు, ఈమెయిల్, ఫోన్ ఇచ్చి సేవ్ చేశాను. ఇప్పుడు వచ్చిన పేజీ చూడండి. దీన్ని కాంటాక్ట్ సమ్మరీ అంటారు, మీరు ఎక్కువసేపు గడిపేది ఇక్కడే. విరాళాలు, ఈవెంట్లు, యాక్టివిటీలు, రిలేషన్‌షిప్‌లు, గ్రూపులు, ట్యాగులు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెప్పే చేంజ్ లాగ్, అన్నీ ట్యాబ్‌లుగా ఉన్నాయి. నాలుగు షీట్లలో ఉన్న రమాదేవి గారు ఇక్కడ ఒకే మనిషి. ఈమెయిళ్లు వద్దన్నారా? కమ్యూనికేషన్ ప్రిఫరెన్సెస్‌లో బల్క్ ఈమెయిల్స్ వద్దు అన్న టిక్ పెడితే, ఇక ఏ గ్రూపుకి మెయిలింగ్ పంపినా ఆవిడను వదిలేసి వెళ్తుంది.

కాంటాక్టులు మూడు రకాలు: ఇండివిడ్యువల్, ఆర్గనైజేషన్, హౌస్‌హోల్డ్. ఇంటికి ఒక్క ఉత్తరం చాలు అనుకునే సంస్థలకు హౌస్‌హోల్డ్ పనికొస్తుంది. మిగతావాళ్లు దాన్ని ముట్టుకోకపోతేనే మంచిదని నా అభిప్రాయం. ఈ విరాళం భర్త పేరున రాయాలా, భార్య పేరున రాయాలా, ఇంటి పేజీలో రాయాలా అని ప్రతిసారీ చర్చ మొదలవుతుంది.

రమాదేవి గారు ఒక కంపెనీలో పనిచేస్తారు. కంపెనీని ఆర్గనైజేషన్‌గా ఎక్కించి, ఇద్దరి మధ్య "ఎంప్లాయీ ఆఫ్" రిలేషన్‌షిప్ పెట్టాను. ఒకవైపు పెడితే చాలు, కంపెనీ పేజీ తెరిస్తే అక్కడా కనిపిస్తుంది. రేపు ఆవిడ ఉద్యోగం మారితే దీన్ని డిలీట్ చేయకండి, ముగింపు తేదీ ఇవ్వండి. పాత సంబంధాల కిందికి వెళ్తుంది కానీ పోదు. రెండేళ్ల తర్వాత "ఆ కంపెనీలో మనకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉండేవారా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు కొత్తవాళ్లు తడబడే చోటికి వద్దాం. ఒక విషయం గ్రూపుగా పెట్టాలా, ట్యాగ్‌గా పెట్టాలా, కస్టమ్ ఫీల్డ్‌గా పెట్టాలా, యాక్టివిటీగా పెట్టాలా? నేను ఇలా చూస్తాను. దానికి ఒక తేదీ ఉందా? ఫోన్ చేశాం, కలిశాం, శిక్షణకు వచ్చారు, ఇవి యాక్టివిటీలు. ఇంకో మనిషితోనో సంస్థతోనో ముడిపడి ఉందా? అది రిలేషన్‌షిప్. వీళ్లకు ఏదైనా పంపాలా? గ్రూప్. మనిషి గురించి స్థిరంగా ఉండే వివరమా, ఉదాహరణకు మాట్లాడే భాష, తెలిసిన పని? కస్టమ్ ఫీల్డ్. ఇవేవీ కాకపోతే ట్యాగ్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, అన్నిటికీ ట్యాగులే. "ఫలానా ఏడాది శిబిరానికి వచ్చారు", ఆ మరుసటి ఏడాదికి ఇంకో ట్యాగ్. కొన్నాళ్లకు ట్యాగుల జాబితా ఎవరికీ అర్థం కాదు.

[తెర మీద: సెర్చ్ ఫలితాలు, స్మార్ట్ గ్రూప్ సేవ్ చేసే పెట్టె]

గ్రూపుల్లో స్మార్ట్ గ్రూప్ అనేది ఉంది. ఇది నాకు చాలా ఇష్టమైన సదుపాయం. మామూలు గ్రూపులో మనుషుల్ని మనమే చేరుస్తాం. స్మార్ట్ గ్రూపులో సేవ్ అయ్యేది మనుషులు కాదు, మన సెర్చ్ షరతులు. "వాలంటీర్ అయి ఉండాలి, ఈ ఏడాది విరాళం ఇచ్చి ఉండాలి" అని వెతికి స్మార్ట్ గ్రూపుగా పెడితే, రేపు విరాళం ఇచ్చిన కొత్త వాలంటీర్ పేరు దానంతట అదే వచ్చి చేరుతుంది. పోయినేడు ఇచ్చి ఈ ఏడు ఇవ్వనివాళ్లు కావాలంటే దానికి రెడీమేడ్ రిపోర్టే ఉంది, రిపోర్టుల్లో లైబంట్ అని కనిపిస్తుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. స్మార్ట్ గ్రూపులోంచి ఒకరిని మీరు చేత్తో తీసేస్తే, షరతులన్నీ సరిపోయినా వాళ్లు మళ్లీ రారు. చేత్తో చేరిస్తే, షరతులు సరిపోకపోయినా ఉండిపోతారు. "ఈయన ఎందుకు రావట్లేదు?" అని సెర్చ్ షరతుల్ని పదిసార్లు మార్చి చూసే ముందు, ఆయన కాంటాక్ట్‌లో గ్రూప్స్ ట్యాబ్ తెరిచి చూడండి. ఎవరో ఎప్పుడో తీసేసి ఉంటారు.

ఇక ఇంపోర్ట్, అంటే షీట్‌లో ఉన్నవాళ్లందరినీ ఒకేసారి ఎక్కించడం. మీ ఎక్సెల్ షీట్‌ని సీఎస్‌వీ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేయాలి, అది కూడా అన్ని భాషల అక్షరాలనూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో. లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్న గుర్తులయిపోతాయి. ఫోన్ నంబర్ల కాలమ్ మీద కన్నేసి ఉంచండి. ఎక్సెల్ వాటిని అంకెలనుకుని ముందున్న సున్నాలు మింగేస్తుంది, పొడుగు నంబర్లను తనకు తోచినట్టు కుదించేస్తుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చండి.

ఏ కాలమ్ ఏ ఫీల్డులోకి వెళ్లాలో చెప్పే పేజీ ఇది. దీన్ని పేరు పెట్టి సేవ్ చేసుకోవచ్చు, రెండోసారి మళ్లీ చెప్పక్కర్లేదు. వరుసలో ఉన్న మనిషి ముందే సిస్టమ్‌లో ఉంటే ఏం చేయాలని ఇక్కడే అడుగుతుంది. స్కిప్ అంటే ఆ వరుసను వదిలేస్తుంది. అప్‌డేట్ అంటే షీట్‌లో ఉన్నదాన్ని పాతదాని మీద రాసేస్తుంది. ఫిల్ అంటే ఖాళీగా ఉన్నవి మాత్రమే నింపుతుంది. షీట్ పాతదైతే, అందులో ఏముందో నమ్మకం లేకపోతే ఫిల్ తీసుకోండి. అప్‌డేట్ నొక్కి మూడేళ్ల కిందటి అడ్రసుల్ని కొత్త అడ్రసుల మీద రాసేస్తే, వాటిని వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

ముందు పది వరుసలతోనే చేయండి. ఇంపోర్ట్ అయినవాళ్లందరినీ ఒక కొత్త గ్రూపులో పడేలా పెట్టండి, తేడా వస్తే ఆ గ్రూపు తెరిచి అందరినీ ఒకేసారి ట్రాష్‌లో వేయొచ్చు. విరాళాలు ఈ ఫైల్‌తో రావు, వాటికి వేరే ఇంపోర్ట్ ఉంది. అప్పుడు ఏ విరాళం ఎవరిదో పోల్చుకోవడానికి పాత షీట్‌లోని క్రమసంఖ్యని ఎక్స్‌టర్నల్ ఐడెంటిఫయర్ అనే ఫీల్డులో ఇప్పుడే ఎక్కించుకోండి.

[తెర మీద: డూప్లికేట్ రూల్స్ పేజీ]

ఒకే మనిషి రెండుసార్లు ఉన్నారని సిస్టమ్‌కి ఎలా తెలుస్తుంది? ఈ రూల్స్ వల్ల. ప్రతి ఫీల్డుకీ ఒక వెయిట్, అంటే కొన్ని మార్కులు ఉంటాయి, మొత్తానికి ఒక థ్రెషోల్డ్, అంటే కనీసం రావాల్సిన మార్కులు ఉంటాయి. పేరుకి 5, ఇంటిపేరుకి 7, ఈమెయిల్‌కి 10 ఇచ్చి, థ్రెషోల్డ్ 20 పెట్టామనుకోండి. ఇంటిపేరు, ఈమెయిల్ కలిస్తే 17, చాలదు. మూడూ కలిస్తే 22, అప్పుడే డూప్లికేట్ అంటుంది. థ్రెషోల్డ్‌ని 15కి దించితే పేరు, ఈమెయిల్ కలిసినా చాలు.

రూల్స్‌లో సూపర్వైజ్డ్, అన్‌సూపర్వైజ్డ్ అని కనిపిస్తాయి. ఆఫీసులో మనిషి కూర్చుని టైప్ చేసేటప్పుడు మొదటిది పనిచేస్తుంది, అనుమానం వస్తే మనల్ని అడుగుతుంది. వెబ్‌సైట్ ఫారం ద్వారా వచ్చినప్పుడు రెండోది, అక్కడ అడగడానికి ఎవరూ ఉండరు. మొదట్లో ఇది ఈమెయిల్ ఒక్కటే చూసేలా ఉంటుంది. ఇప్పుడు భార్యాభర్తలిద్దరికీ ఒకే ఈమెయిల్ ఉందనుకోండి. భర్త పోయిన నెల ఆన్‌లైన్‌లో విరాళం ఇచ్చారు. ఈ నెల భార్య ఇచ్చారు. ఈమెయిల్ కలిసింది కాబట్టి ఆవిడ విరాళం ఆయన రికార్డులోకి వెళ్తుంది, రికార్డు మీద పేరు కూడా ఆవిడదిగా మారిపోవచ్చు. ఆయన పేరు కోసం వెతికితే దొరకదు. మీ దాతల్లో ఇలాంటి కుటుంబాలు ఎక్కువైతే, ఈ రూల్‌లో ఈమెయిల్‌తో పాటు పేరూ కలవాలని పెట్టండి. కొన్ని డూప్లికేట్లు పెరుగుతాయి, పెరగనివ్వండి. రెండు రికార్డుల్ని కలపడం తేలిక, కలిసిపోయిన ఇద్దర్ని విడదీయడం నరకం.

కలిపేది ఈ పేజీలో. ఎడమవైపు ఉన్నది ట్రాష్‌లోకి పోతుంది, కుడివైపుది మిగులుతుంది. విరాళాలు, యాక్టివిటీలు మిగిలే రికార్డుకి మారతాయి. ఫోన్, అడ్రసులలో ఏవి తీసుకోవాలో టిక్ పెట్టండి. ఒకే పేరున్న తండ్రీకొడుకులు కనిపిస్తే "ఇది డూప్లికేట్ కాదు" అని గుర్తు పెట్టేయండి, ఆ జంట మళ్లీ జాబితాలో రాదు.

మెయిలింగ్ గురించి ఒకే మాట. పంపు నొక్కారు, షెడ్యూల్డ్ అని ఉంది, గంటలైనా ఎవరికీ చేరలేదు. టెన్షన్ పడకండి. సర్వర్‌లో క్రాన్, అంటే వేళకి పనులు దానంతట అదే నడిపే ఏర్పాటు, పెట్టలేదేమో చూడండి. క్రాన్ లేకపోతే షెడ్యూల్డ్ జాబ్స్ నడవవు, అవి నడవకపోతే మెయిల్ కదలదు.

అయినా ఏదో ఒకచోట ఇరుక్కుంటారు. దీని వెనక కస్టమర్ కేర్ నంబర్ లేదు. చిన్న కోర్ టీమ్, దీన్నే వృత్తిగా చేసుకున్న కన్సల్టెంట్లు, మనలా వాడుకునే సంస్థలు, ఇంతే. యూజర్ గైడ్ రాసేదీ, ఎక్స్‌టెన్షన్లు, అంటే అదనపు సదుపాయాలు తయారుచేసేదీ, స్క్రీన్ మీది మాటల్ని ట్రాన్సిఫెక్స్ అనే అనువాద సైట్‌లో తమ భాషలోకి మార్చేదీ వీళ్లే. "ఎలా చేయాలి" అన్న ప్రశ్నలకు స్టాక్ ఎక్స్చేంజ్, అప్పటికప్పుడు మాట్లాడుకోవడానికి మ్యాటర్‌మోస్ట్ చాట్, బగ్ అని తేలితే గిట్‌ల్యాబ్.

బగ్ అని తేల్చుకోవడానికి మంచి దారి ఉంది. మీ సైట్‌లో వచ్చిన సమస్యని ఈ డెమో సైట్‌లో అవే మెట్లతో చేసి చూడండి. ఇక్కడా వస్తే అది సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. రాకపోతే మీ ఎక్స్‌టెన్షన్లలోనో, థీమ్‌లోనో, సర్వర్‌లోనో వెతకాలి. ఈ ఒక్క పరీక్ష చేసి అడిగినవాళ్లకు జవాబులు తొందరగా వస్తాయి. "పనిచేయట్లేదు, అర్జెంట్" అని రాస్తే ఎవరూ పలకరు, వాళ్లూ సొంత పని మానుకుని వచ్చి చూస్తున్నవాళ్లే కదా. సిస్టమ్ స్టేటస్ పేజీలోంచి వెర్షన్ నంబర్లు కాపీ చేయండి, ఏం నొక్కారో వరుసగా రాయండి, ఏం రావాలనుకున్నారో, ఏం వచ్చిందో రాయండి. స్క్రీన్‌షాట్‌లో దాతల పేర్లుంటే చెరిపేశాకే పెట్టండి.

కొత్త వెర్షన్ ప్రతి నెలా మొదటి బుధవారం వస్తుంది. మీరు చెప్పిన బగ్‌ని ఎవరైనా సరిచేస్తే అలాంటి ఒక బుధవారమే మీ దగ్గరికి చేరుతుంది. అప్‌డేట్ నొక్కే ముందు డేటాబేస్‌కీ, ఫైళ్లకీ రెండింటికీ బ్యాకప్ తీసుకోండి, ముందు టెస్ట్ కాపీ మీద నడిపి చూడండి. నెలనెలా ఈ పని కుదరదనుకునే సంస్థల కోసం ఈఎస్ఆర్ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ రిలీజ్) అని వెర్షన్ల ఇంకో వరుస ఉంది. అందులో కొత్త సదుపాయాలు ఆలస్యంగా వస్తాయి, భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం వస్తూనే ఉంటాయి.