స్మిత్ షూట్ ఎందుకు చేయలేదు? స్టూడియోలో వాడివేడి చర్చ

(2018 జూన్ 1 రాత్రి చర్చా కార్యక్రమం నుంచి కొంత భాగం)

యాంకర్: నమస్కారం. పొద్దున్నే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్, గోల్డెన్ స్టేట్ మొదటి మ్యాచ్ చూసినవాళ్లంతా తల పట్టుకున్నారు. స్కోరు 107-107. ఉన్నది 4.7 సెకన్లు. క్లీవ్‌లాండ్ ఆటగాడు జార్జ్ హిల్ రెండో ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే షాట్) మిస్, తిరిగొచ్చిన బంతి, అదే రీబౌండ్, అతని టీమ్‌మేట్ జె.ఆర్. స్మిత్‌ది. బాస్కెట్ పక్కనే ఉండి కూడా షూట్ చేయకుండా బంతితో బయటికి పరుగెత్తాడు! ఓవర్‌టైమ్‌లో గోల్డెన్ స్టేట్ 124-114తో గెలిచింది. క్లీవ్‌లాండ్ స్టార్ లెబ్రాన్ 51 పాయింట్లు బూడిదలో పోసిన పన్నీరు. కోచ్ గారూ, ధోనీలాంటి కూల్‌నెస్ పుట్టుకతోనే రావాలి కదా?

కోచ్: పుట్టుకా లేదు, ఏమీ లేదు. ఇది ప్రాక్టీస్ లోపం. మన గ్రౌండ్లలో చూడండి. లైన్లో నిలబడి లేఅప్‌లు, అంటే బాస్కెట్ దగ్గరికెళ్లి వేసే షాట్లు. ఎదురుగా డిఫెండరే ఉండడు. మ్యాచ్‌లో మనిషి అడ్డొస్తే బిక్కమొహం. ఇద్దరు ఎటాకర్లు, ఒక్క డిఫెండర్, అలా ఆడించాలి. వాడు నీ మీదికొచ్చాడా, పాస్. రాలేదా, నువ్వే వెయ్.

మాజీ క్రీడాకారిణి: సర్, దాంతో నాకు పేచీ లేదు, కానీ...

కోచ్: ఒక్క నిమిషం అమ్మా. ప్రతి పాయింట్ తర్వాత స్కోరు, టైమ్, టీమ్ ఫౌల్స్ గట్టిగా చెప్పించాలి. చెప్పలేనివాడు బయటికి. స్మిత్‌తో ఇది చేయించి ఉంటే...

విశ్లేషకుడు: స్కోరు సమానమని తనకు తెలుసనే అన్నాడండీ స్మిత్. టైమౌట్ తీసుకుంటారనుకున్నాడట. స్మిత్ తాము ముందున్నామనుకున్నాడని చెప్పింది వాళ్ల కోచ్ టైరన్ లూ. చేతిలో టైమౌట్ ఉంది. ఎన్‌బీఏలో ఆటగాడూ అడగొచ్చు, కోచూ అడగొచ్చు. ఎవరూ అడగలేదు.

కోచ్: టైమౌట్ సంగతి వదిలెయ్యండి.

విశ్లేషకుడు: ఎలా వదిలేస్తాం సర్? అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూల్స్‌లో ఆటగాడు అసలు అడగడానికే లేదు. రీబౌండ్ పట్టి ఆట నడుస్తుంటే కోచ్‌కీ దొరకదు. అప్పుడు కోర్టులో ఉన్నవాడే తేల్చుకోవాలి.

యాంకర్: అదిగో, అక్కడే ధోనీ! 2007 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో చివరి ఓవర్ జోగిందర్ శర్మ చేతికిచ్చాడు...

క్రీడాకారిణి: క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఆలోచించుకునే వీలుంటుందండీ. ఇక్కడ ఎక్కడుంది? నా బాధ వేరు. గీత బయట నుంచి “పాస్! షూట్!” అని కోచ్ అరుస్తూనే ఉంటే ఆ పిల్ల కోర్టును చూడడం మానేసి గొంతు కోసం ఎదురు చూస్తుంది. ముగ్గురేసి ఆడే 3x3 బాస్కెట్‌బాల్ చూడండి. 12 సెకన్లలో షాట్ వెయ్యాలి, ఆట మధ్యలో కోచింగ్ కుదరదు. టోక్యో ఒలింపిక్స్‌లోనూ పెడుతున్నారు. అదే మనవాళ్లతో...

కోచ్: కోచ్ అరవకపోతే పిల్లలు ఆడతారా అమ్మా? నేను చూడని పిల్లలా!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఆగండి, ఆగండి. ట్విట్టర్‌లో ఒకరు అడుగుతున్నారు, ఎత్తుంటే చాలదా అని.

విశ్లేషకుడు: 2015లో ఎన్‌బీఏ టీమ్ డల్లాస్ డ్రాఫ్ట్ చేసిన (కొత్త ఆటగాడిగా ఎంచుకున్న) పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ ఏడడుగుల పైనే. ఇప్పటిదాకా ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు.

కోచ్: పంజాబ్ వాళ్ల తిండి వేరండీ! మన హాస్టళ్లలో...

(పాలు, గుడ్లు, హాస్టల్ భోజనం మీద చాలాసేపు నడిచింది. ఇక్కడ తగ్గించాం.)

క్రీడాకారిణి: సర్, ఆటకి వద్దాం. తప్పు పాస్ ఇచ్చిందని అమ్మాయిని వెంటనే బెంచీ మీద కూర్చోబెడతారు. ఇక ఆ మ్యాచంతా సేఫ్ పాసులే. తర్వాత వీడియో ఆపి “ఇక్కడ నీకేం కనిపించింది?” అని అడగండి. చాలాసార్లు తను చూసింది సరిగ్గానే ఉంటుంది, పాస్ ఆలస్యమైంది అంతే. చూడలేకపోవడం వేరు, ఆలస్యం కావడం వేరు. రెండింటికీ ఒకే మందు...

కోచ్: నేను మొదట్నుంచీ చెప్పేది అదే! ఇద్దరు ఎటాకర్లు, ఒక్క డిఫెండర్!

క్రీడాకారిణి: అది కాదు సర్ నేనన్నది.

కోచ్: అదేనమ్మా.

యాంకర్: సరే, కోచ్ గారి మాటతో అందరూ ఏకీభవించినట్టే...

విశ్లేషకుడు: నేను ఏకీభవించలేదు.

యాంకర్: ...కాబట్టి ప్రాక్టీస్ ముఖ్యం, దానికి ధోనీ కూల్‌నెస్ తోడవ్వాలి. చిన్న బ్రేక్.

కోచ్: బ్రేక్ తర్వాత లేఅప్‌ల గురించి ఇంకో మాట చెప్పాలి, గుర్తు చెయ్యండి.