కండ లేని ముక్కలో ఏ జన్యువును వెతకమంటారు?

వేదిక మీది పెద్దలకు, హౌస్ సర్జన్లకు, ల్యాబ్ పిల్లలకు నమస్కారం. శాలువా చివర్లో కప్పండి సార్. ఈ కర్నూలు ఎండల్లో ఇప్పుడే కప్పితే నాకు మాట రాదు.

నాకిచ్చిన అంశం, మూత్రాశయ క్యాన్సర్ ముదరడంలో మ్యాట్రిక్స్ జన్యువుల పాత్ర. కణాల చుట్టూ కొల్లాజెన్, లామినిన్, ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్లతో ఉండే అల్లికే మ్యాట్రిక్స్. మూత్రాశయం లోపలి పొరను ఆనుకుని సన్నటి బేస్‌మెంట్ మెంబ్రేన్, దాని కింద లామినా ప్రొప్రియా అనే మెత్తటి పొర, ఆ కింద కండ. కొత్తగా బయటపడే కేసుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు కండ దాకా పోనివే. కండలోకి దిగిందా, వైద్యమే మారిపోతుంది. సంచినే తీసేయాల్సి రావచ్చు.

ఎలా దిగుతుంది? ఆ మెంబ్రేన్‌లో ముఖ్యమైనది టైప్-4 కొల్లాజెన్. ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 అనే ఎంజైములు పొలం గట్టును పందికొక్కులు తొలిచినట్టు దాన్ని తొలుస్తాయి. అవి ఒక్క గడ్డ కణాల నుంచే రావు, చుట్టూ ఉన్న మన ఫైబ్రోబ్లాస్టులు, అంటే మ్యాట్రిక్స్‌ను అల్లే కణాలు, కూడా తయారుచేస్తాయి. ఆ ఫైబ్రోబ్లాస్టులే కొత్త కొల్లాజెన్‌ను కుప్పలుగా పోస్తాయి. కండలోకి దిగిన గడ్డల్లో కొల్లాజెన్‌ను తయారుచేయించే కోల్-1ఎ-1, కోల్-3ఎ-1, ఫైబ్రోనెక్టిన్‌ను తయారుచేయించే ఎఫ్ఎన్-1 జన్యువుల జోరు ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. గమనించండి, ఆ జన్యువులు చెడిపోవడం కాదు, అతిగా పనిచేయడం. 2018లో 'నేచర్' పత్రికలో ఇంకో సంగతి వచ్చింది. ఫైబ్రోబ్లాస్టులను ఉసిగొల్పే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ సంకేతాలు ఎక్కువున్న కొన్ని గడ్డల్లో, క్యాన్సర్‌తో పోరాడే టీ కణాలు వచ్చి కూడా లోపలికి పోలేక, చుట్టూ ఉన్న కొల్లాజెన్‌లోనే ఆగిపోయాయి. అలాంటి వాళ్లకు, ఆ టీ కణాలను ఉసిగొల్పే అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు సరిగా పనిచేయలేదు. అంత ఖరీదైన మందు!

ఇంకా స్లయిడ్లున్నాయి గానీ పక్కన పెట్టేస్తున్నా. నేనొచ్చింది వేరే మాట చెప్పడానికి.

ఒక ట్రాక్టర్ డ్రైవరు. చిన్నప్పటి నుంచి బీడీలు. మూత్రంలో రక్తం పడింది, నొప్పి లేదు. "వేడి చేసింటుందిలే సార్ అనుకుంటిమి" అన్నాడు. బార్లీ నీళ్లు తాగాడు, దానంతటదే తగ్గింది, నెలల తర్వాత మళ్లీ పడింది. అతణ్ణేమనను. నొప్పి లేని రక్తమే ఈ జబ్బుకు ముఖ్య లక్షణమని అతనికెవరు చెప్పారు?

నా కోపం ఆ తర్వాత జరిగిన దాని మీద. ఒకచోట టీయూఆర్ చేసి, అంటే మూత్రనాళం గుండా కరెంటు తీగతో గడ్డను గీకి, ఆ ముక్కల్ని పరీక్షకు మా పాథాలజీ ల్యాబ్‌కు ఖాళీ ఇంజెక్షన్ సీసాలో కుక్కి పంపారు. ముక్కలు కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవం అవి మునిగేంత కూడా లేదు. సన్నమూతి సీసా, గట్టిపడిన ముక్కలు బయటికి రావు. చివరికి సీసా పగలగొట్టాం. గాజు పెంకులు ఏరి చూస్తే, కొన్ని కరెంటుకు మాడిపోయాయి, మిగతావాటిలో కండే లేదు. "కండ కనబడలేదు, లోతు చెప్పలేం" అని రిపోర్టు రాశాం. అతను అదే కాగితం పట్టుకుని ఊరికి పోయాడు. క్యాన్సర్ లోతుగా లేదనుకున్నాడు! తిరిగొచ్చి రెండోసారి గీకించుకునేసరికి కండలో ఉంది.

చెప్పండమ్మా, వెనక వరసలో ఉన్నవాళ్లు చెప్పండి. కండే రాని ముక్కలో కండలోకి దిగడం గురించి ఏం చదువుతాం? ఫార్మలిన్ సరిగా పడక కుళ్లిన ముక్కలో ఆర్ఎన్ఏ ఏం మిగులుతుంది? కోల్-1ఎ-1 సంగతి తర్వాత, ముందు సీసా సంగతి చూడండి.

వెడల్పు మూతి డబ్బా వాడండి. ముక్కకు పదింతలు ఫార్మలిన్ పోయండి. గడ్డ అడుగున గీకిన లోతు ముక్కను వేరే డబ్బాలో పంపండి. ఫారం మీద 'బయాప్సీ' అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి, సిస్టోస్కోపీలో, అంటే గొట్టం కెమెరాతో మూత్రాశయం లోపల చూసినప్పుడు, ఏం కనబడిందో రాయండి. ఇంతకుముందు క్యాన్సర్ వైద్యంగా మూత్రాశయంలోకి బీసీజీ (టీబీ టీకా మందు) ఎక్కించి ఉంటే అదీ రాయండి, లేకపోతే దానివల్ల వచ్చే గ్రాన్యులోమాలు, అంటే టీబీలోనూ కనబడే కణాల గుంపులు, చూసి మేం టీబీ వెంట పడతాం.