మాలర్ రెండో సింఫనీ, ఈలీ కెథీడ్రల్ 1973: వాల్యూమ్ పెంచకండి!

నమస్తే. ఈ కచేరీ వీడియోలో గంట దాటాక ఒకచోట సౌండ్ దాదాపు వినపడదు. రిమోట్ జోలికి వెళ్లకండి. ఎందుకో చెప్తాను.

ఇది 1973లో ఇంగ్లండ్‌లోని ఈలీ కెథీడ్రల్ అనే పెద్ద చర్చిలో తీసింది. ఆస్ట్రియా స్వరకర్త గుస్తావ్ మాలర్ రెండో సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద సంగీత రచన. 'పునరుత్థానం' అని పేరు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, ఎడిన్‌బరో ఫెస్టివల్ కోరస్, వాళ్లందరినీ చేతి సైగలతో నడిపించే కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టైన్. ఐదు భాగాలు, గంటన్నర దాకా పడుతుంది.

మొదటిది శవయాత్ర. పైన వయొలిన్లు ఒకే స్వరం మీద వణుకుతుంటాయి, కింద చెల్లోలు, డబుల్ బాస్‌లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. అప్పుడే ఒళ్లు జలదరిస్తుంది. రెండోది హాయిగా సాగిపోతుంది.

మూడోదానితోనే నాకు పేచీ. ఒక సాధువు చేపలకు ప్రవచనం చెప్తే, అవి శ్రద్ధగా విని, మళ్లీ ఎప్పటిలాగే బతుకుతాయి. ఆ కథ మీద మాలర్ రాసుకున్న పాటే దీనికి ఆధారం. ఎంత వ్యంగ్యం! కానీ ఆ వేగమైన స్వరాలు రాతిగోడలకు కొట్టుకుని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మైకులు ఏం చేస్తాయి పాపం.

అదే ప్రతిధ్వని చివరి భాగంలో వరమైంది. వేదిక బయట ఎక్కడో కొమ్ముబూరలు మోగుతాయి. మామూలు హాల్లో పక్కగదిలోంచి వస్తున్నట్టుంటుంది. ఇక్కడ నిజంగా దూరం వినిపిస్తుంది.

ఈ ముగింపు దొరక్క మాలర్ చాలాకాలం ఇబ్బందిపడ్డాడు. మొదటి భాగాన్ని పియానో మీద వినిపిస్తే, హాన్స్ ఫాన్ బ్యూలో అనే పెద్ద కండక్టర్ చెవులు మూసుకున్నాడట. 1894లో హాంబర్గ్‌లో ఆ బ్యూలోకే నివాళి సభ జరిగింది. అక్కడ కోరస్ పాడిన పునరుత్థాన గీతం వినగానే మాలర్‌కు దారి దొరికింది. చెవులు మూసుకున్న ఆయనే చివరికి ఇలా అక్కరకొచ్చాడు!

ఆ గీతం మొదలయ్యే చోటే మన రిమోట్ సంగతి. 'లేస్తావు, మళ్లీ లేస్తావు' అని అంతమంది కలిసి గుసగుసగా అందుకుంటారు. స్కోరులో, అంటే స్వరాలు రాసిన ప్రతిలో, అక్కడ మూడు పీలు (ppp) ఉంటాయి, అంటే చాలా చాలా మెల్లగా. ఆ గొంతుల్లోంచే గాయని షీలా ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు నెమ్మదిగా పైకి తేలుతుంది. ఆ క్షణం కోసం నేను నాలుగుసార్లు వెనక్కి తిప్పాను.

తర్వాత ఆర్గన్, గంటలు, చెమటలో తడిసి ముద్దైన బెర్న్‌స్టైన్. వాల్యూమ్ పెంచి ఉంటే పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

టైమ్ లేదంటారా? ఇంకో గాయని జానెట్ బేకర్ పాడే నాలుగో భాగం నుంచి పెట్టుకోండి. అది ఆగకుండా నేరుగా ఐదోదాంట్లోకి తీసుకెళ్తుంది.