పెరట్లో గంజాయి మొక్క: పార్టీలన్నీ వద్దంటున్నది దేన్ని?

(ఫిలింనగర్‌లోని స్టూడియోలో రాత్రి 9 గంటలకు జరిగిన చర్చకు అక్షరరూపం ఇది. అందరూ ఒకేసారి అరిచిన చోట్ల అర్థం చెడకుండా కత్తిరించాం. మాట్లాడినవాళ్ళను వాళ్ళ వృత్తితోనే సూచిస్తున్నాం.)

యాంకర్: నమస్కారం. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్ళెవరైనా ఇంట్లో 3 గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. కెనడాలో 2018 నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి 4. మన దగ్గర ఒక్కటి దొరికినా కేసే. దీన్ని మారుద్దామని అడిగే పెద్ద పార్టీ తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు. ముందు మీరు చెప్పండి సార్, మీ పార్టీ ఎందుకు వద్దంటోంది?

పార్టీ ప్రతినిధి: వద్దనడానికి కారణం కూడా కావాలా అండీ? యువత భవిష్యత్తు, కుటుంబ వ్యవస్థ, మన సంస్కృతి...

యాంకర్: అది బహిరంగ సభలో చెప్పే మాట సార్. నేను ఇంట్లో మొక్క గురించి అడుగుతున్నాను.

పార్టీ ప్రతినిధి: సరే, సూటిగానే చెబుతాను. 2023లో తెలంగాణలో మత్తుమందులను అరికట్టడానికి నార్కోటిక్స్ బ్యూరో వచ్చింది. 2025 జూన్‌లో దాని పేరు ఈగల్ అయింది. ఒక చేత్తో ఈగల్ పెట్టి, ఇంకో చేత్తో ఇంటింటికీ కుండీ పంచుతామా? తెల్లారేసరికి ఎదుటి పార్టీవాళ్ళు గంజాయి మొక్క పట్టుకొచ్చి మా ఆఫీసు ముందు కూర్చుంటారు. ఓట్లకని బస్తీలోకి వెళ్తే ఆడవాళ్ళు చీపురు తిరగేస్తారు.

న్యాయవాది: ఇదీ అసలు కారణం. సంస్కృతి సంగతి తర్వాత.

మహిళా సంఘం నాయకురాలు: గా భయం ఉండుడు మంచిదే సార్. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడోళ్ళు సారా మీద లేసిన్రు. 1995 జనవరిల ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టిండు. 1997ల ఎత్తేసిన్రు, ఖజానాల పైసలు లేవని. అంటే మా మాట రెండేండ్లు నడిచింది, పైసల మాట అప్పటిసంది ఇప్పటిదాక నడుస్తనే ఉన్నది. ధూల్‌పేటల గుడుంబా బందు జేసిన్రు, గాడనే గంజాయి దిగింది. ఇగ ఇప్పుడు దుకాణం గూడ అక్కర లేదు, ఇంట్లనే పెంచుకో అంటే ఎట్ల బిడ్డా? సారా దుకాణం ముంగట కూసున్నం, బెల్టు షాపు ముంగట కూసున్నం. మా ఇంటాయన మిద్దె మీద కుండీల పెట్టుకొని తాగితే నేనెవ్వని ముంగట ధర్నా జెయ్యాలె?

(అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. రాత్రంతా ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.)

యాంకర్: అమెరికాలోని ఎడిసన్ నుంచి ఒక ప్రేక్షకుడు లైన్లో ఉన్నారు. చెప్పండి.

ఫోన్‌లో ప్రేక్షకుడు: నమస్తే అండీ. మాది ఖమ్మం. న్యూజెర్సీలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాం. ఇక్కడ 2020 నవంబరులో జనం ఓటేసి గంజాయిని ఒప్పుకున్నారు. 2022 ఏప్రిల్ నుంచి షాపుల్లో అమ్ముతున్నారు. మా ఇంటి నుంచి షాపు పది నిమిషాలు, గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. అదే మొక్క మా పెరట్లో, మా ఆవిడ వేసిన బెండమొక్కల పక్కన పెంచితే మాత్రం నేరం! మూడు నుంచి ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. డాక్టరు రాసిచ్చిన రోగి అయినా సరే, పెంచుకోవడానికి వీల్లేదు.

యాంకర్: అక్కడ అడ్డుపడుతున్నదెవరు?

ఫోన్‌లో ప్రేక్షకుడు: మా రాష్ట్ర సెనేట్ ప్రెసిడెంట్ నికొలస్ స్కుటారి. తమాషా ఏంటంటే, గంజాయి అమ్మకాలను చట్టబద్ధం చేసిన బిల్లును మోసుకొచ్చిందీ ఆయనే. ముందు మార్కెట్ కుదురుకోనివ్వండి, ఇంటి సాగు సంగతి తర్వాత చూద్దాం అంటారు. బిల్లులు వస్తాయి, అక్కడే పడి ఉంటాయి.

న్యాయవాది: ఇది గమనించండి. అక్కడ ఇంటి మొక్కకు అడ్డం నిలబడింది గంజాయి అంటే పడనివాళ్ళు మాత్రమే కాదు, గంజాయి షాపులు తెరిచినవాళ్ళు కూడా. వాషింగ్టన్ రాష్ట్రం 2012లోనే అమ్మకాలను ఒప్పుకుంది, సరదాకు వాడేవాడు ఇంట్లో పెంచుకోవడాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. లైసెన్సుకు డబ్బు పోసినవాడికి పెరట్లో మొక్క గిట్టదు. ప్రభుత్వానికీ అంతే, షాపులో కొంటే పన్ను వస్తుంది, కుండీలో పూస్తే ఏం వస్తుంది? అమ్మ ఇందాక చెప్పిన 1997 సంగతీ ఇదీ ఒకే బడి పిల్లలు.

రిటైర్డ్ ఎక్సైజ్ అధికారి: పన్నొక్కటే అంటే నేనొప్పుకోను లాయర్ గారూ. కొలరాడో 2012లో మనిషికి 6 మొక్కలంది. ఒక్కో ఇంట్లో తోటలే లేచాయి, సరుకు పక్క రాష్ట్రాలకు పోయింది. 2017లో ఇంటికి 12కు మించొద్దని బిగించాల్సి వచ్చింది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో మత్తుమందుల జాబితా నుంచి తీసేసి, యాప్‌లో పేరు రాయించుకుని ఇంట్లో పెంచుకోండి అంది. మూడేళ్ళకే, 2025 జూన్‌లో, డాక్టరు చీటీ లేనిదే పువ్వు అమ్మొద్దంది. తలుపు తీయడం ఒక్క జీవోతో అయిపోతుంది. మూయాలంటే మాలాంటివాళ్ళు ఇల్లిల్లూ తిరగాలి.

యాంకర్: మీరు ఇళ్ళల్లో పట్టుకున్నవి ఎలా ఉండేవి సార్?

రిటైర్డ్ ఎక్సైజ్ అధికారి: ఫ్లాట్‌లో బెడ్‌రూమ్‌ ఒకటి ఖాళీ చేస్తాడు. కిటికీకి నల్లగుడ్డ. గోడలకు వంటింట్లో వాడే వెండి కాగితం. పైన ఊదారంగు లైట్లు, మూలన టేబుల్ ఫ్యాన్. వాసన బయటికి పోకుండా తలుపు సందులో తడి తువ్వాలు కుక్కుతాడు. అయినా లిఫ్టు దగ్గరికి వచ్చేస్తుంది వాసన. చాలాసార్లు ఫోన్ చేసేది ఎదురింటివాళ్ళే. (నవ్వుతూ) ఇంకో సంగతి. ఒకసారి ఒక కాలనీ నుంచి, మిద్దె మీద గంజాయి ఉందని ఫోను. పరుగున పోయాం. ఎర్రకాడ గోగు! ఆ పెద్దావిడ మమ్మల్ని తిట్టీ తిట్టీ, చివరికి ఒక కట్ట కోసిచ్చి పంపింది.

మహిళా సంఘం నాయకురాలు: పుంటికూర ఆకును గంజాయి అనుకుంటే ఇగ మీ డిపార్ట్‌మెంటుకు దండం సార్.

రిటైర్డ్ ఎక్సైజ్ అధికారి: అనుకున్నది మేం కాదమ్మా, పక్కింటాయన. దూరం నుంచి ఆకు చీలికలు అలాగే కనిపిస్తాయి. సరే, అసలు విషయానికొస్తా. విశాఖ ఏజెన్సీలో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు కుప్పపోసి కాల్చారు. అయినా ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి సరుకు ఇప్పటికీ ఈ ఊరి మీదుగానే పోతోంది. ఇంటి మొక్కకు అనుమతి ఉందనుకోండి. అర కిలోతో దొరికినవాడు, ఇది మా కుండీలోది సార్ అంటాడు. కాదు, ఇది సరిహద్దులోని సీలేరు సరుకు అని కోర్టులో నేనెలా రుజువు చేయాలి?

(ఇది గట్టి వాదన. న్యాయవాది దీన్ని పక్కనుంచి దాటేశారు.)

న్యాయవాది: రుజువు కష్టమే, కాదనను. అయితే మన చట్టం ఏం చేసి పెట్టిందో చూడండి. మత్తుమందుల మీద ఉన్నది 1985 ఎన్‌డీపీఎస్ చట్టం. గంజాయి ఒక కిలో దాకా చిన్న పరిమాణం. దానికి గరిష్ఠ శిక్ష ఏడాది, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అక్కడ పదేళ్ళ నుంచి ఇరవై. బాగానే ఉంది. మరి మొక్క పెంచితే? సెక్షన్ 20లో మొదటి ముక్క అదే. పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. ఎన్ని మొక్కలు? ఆ లెక్కే లేదు. కుండీలో ఒకటైనా, కొండమీద పదెకరాలైనా అదే ముక్క.

యాంకర్: అంటే సంచీలో 900 గ్రాములతో దొరికితే...

న్యాయవాది: ఏడాది దాటదు. బాల్కనీలో మొక్కతో దొరికితే పదేళ్ళ దాకా వేయొచ్చు. ఇంకా విడ్డూరం వినండి. పూలగుత్తి లేకుండా ఉత్త ఆకు, ఉత్త విత్తనం ఈ చట్టంలో గంజాయే కాదు. ఉత్తరాదిన భాంగు కొట్లు నడిచేది అందుకే. ఆకు నేరం కాదు, ఆ ఆకు వేసే చెట్టు నేరం!

రిటైర్డ్ ఎక్సైజ్ అధికారి: కోర్టులు ఒక్క మొక్కకు పదేళ్ళు వేయవు లెండి.

న్యాయవాది: వేయనక్కర్లేదు సార్. వేయొచ్చని ఎదుటివాడికి తెలిస్తే చాలు, స్టేషన్‌లో బేరం అక్కడే మొదలవుతుంది.

(అధికారి ఏదో అనబోయి మంచినీళ్ళు తాగారు.)

పార్టీ ప్రతినిధి: అది కేంద్ర చట్టం అండీ. మా చేతుల్లో ఏముంది?

న్యాయవాది: అందరూ అనేది ఇదే. సెక్షన్ 14 చూడండి. నార కోసం, గింజ కోసం సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు. ఉత్తరాఖండ్ 2018లో మత్తు చాలా తక్కువుండే రకానికి ఇచ్చింది. హిమాచల్ అసెంబ్లీ 2024 సెప్టెంబరులో ఆ దిశగా తీర్మానమే చేసింది.

పార్టీ ప్రతినిధి: అది నార పంట, మందుల పంట. దాన్నీ దీన్నీ కలపకండి. మన రైతుల్లో కొందరు నారాయణఖేడ్ వైపు కంది సాళ్ళ మధ్య ఏం వేస్తున్నారో నాకు తెలుసు. గంజాయి వేస్తే రైతుబంధు ఆపేస్తామని 2021లోనే చెప్పాల్సి వచ్చింది.

న్యాయవాది: నేను కలపట్లేదు సార్. నేను అడిగేది చిన్న సవరణ. ఇంటి సాగును ఒప్పుకోమనట్లేదు. సొంతానికి పెంచిన రెండు మూడు మొక్కలను చిన్న పరిమాణం కింద చూడండి, అంతే. ఎయిమ్స్ చేసి కేంద్రం 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం, ఏడాదిలో గంజాయి, దాని జిగురుతో చేసే చరస్ వాడినవాళ్ళు సుమారు 1.3 కోట్లు. వాళ్ళందరికీ సరుకు ఎవరో ఒకరు అమ్ముతూనే ఉన్నారు కదా.

యాంకర్: మీ పార్టీ ఈ చిన్న సవరణకైనా సరేనంటుందా సార్? అవునో కాదో.

పార్టీ ప్రతినిధి: దాన్ని... చూడండి, గంజాయి అనే మాటకు పక్కన సడలింపు అనే మాట వచ్చిందంటే రేపు పేపర్లో ఆ రెండు మాటలే అచ్చవుతాయి. మధ్యలో మీరు చెప్పిన సెక్షన్ ఎవరూ వేయరు. ఇది ఆడపడుచుల మనోభావాలకు సంబంధించిన విషయం. ఈ అమ్మగారినే అడగండి.

మహిళా సంఘం నాయకురాలు: నన్నెందుకు ముంగటేస్తున్రు సార్? నేను ఇంట్ల మొక్క వద్దన్న. ఇప్పటికీ వద్దనే అంట. పిల్లలున్న ఇంట్ల అది ఉండొద్దు, కంపు కంపు, పైసల్ పాడు, మనిషి పాడు. కని మా గల్లీల డిగ్రీ సదివే పిల్లగాడు ఒక్కడు, సోకు కోసం బకెట్ల ఒక మొక్క పెట్టిండు. ఏందిరా ఇది అని నేనే పీకి మోరీలేసిన. ఆడు దొరికితే పదేండ్లని ఇప్పుడు ఈ సార్ చెప్తే తెలిసింది నాకు. వాళ్ళమ్మ మా సంఘంలనే ఉంటది. గా పదేండ్లు ఎవరడిగిన్రు సార్? మేమైతే అడగలే.

పార్టీ ప్రతినిధి: అదికాదమ్మా...

మహిళా సంఘం నాయకురాలు: మొక్క వద్దన్నం, గంతే. మీరు మా పేరు మీద రాసుకున్నది వేరే.

యాంకర్: బ్రేక్‌కు వెళ్ళాల్సిన టైమైంది. సార్, మీ జవాబు బ్రేక్ తర్వాత.

(బ్రేక్ తర్వాత పార్టీ ప్రతినిధి వేరే కార్యక్రమం ఉందని వెళ్ళిపోయారు. మిగతా చర్చ కల్లు దుకాణాల మీద సాగింది.)