ఎపిసోడ్ 41: మడి తీసుకునే ముందు

అక్క: రికార్డింగ్ మొదలైంది. ఆ పార పక్కన పెట్టి కూర్చో.

తమ్ముడు: కూర్చున్నా. అందరికీ నమస్కారం. గుమ్మడికాయ ఎపిసోడ్ తర్వాత ఇద్దరం మళ్లీ ఒకే మైకు ముందు కూర్చున్నాం.

అక్క: దాని ఊసెత్తనని మాటిచ్చావు.

తమ్ముడు: ఎత్తట్లేదు. ఈరోజు మాట్లాడేది మీలో చాలామంది అడిగిన విషయమే. కమ్యూనిటీ గార్డెన్‌లో, అంటే ఒక్కొక్కరికి ఒక మడి ఇచ్చే ఉమ్మడి తోటలో చేరేటప్పుడు ఏం చూసుకోవాలి, మందులు కొట్టకుండా కూరగాయలు ఎలా పండించాలి. అక్కా, నువ్వు మొదలుపెట్టు.

అక్క: ఫారం నింపే ముందు, అందరూ కలిసి పనిచేసే రోజున ఒకసారి వెళ్లండి. చూసి రావడం కాదు, ఓ గంట కూర్చుని కలుపు తీయండి. కుళాయి మడికి ఎంత దూరమో, పనిముట్లు కడిగి పెడుతున్నారో లేదో, కొత్తవాళ్లు అడిగితే ఓపిగ్గా చెబుతున్నారో లేదో, అన్నీ ఆ గంటలో తెలిసిపోతాయి.

తమ్ముడు: ఎండ కూడా చూసుకోవాలి. టమాటా, వంగ, మిరప లాంటివాటికి రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. నీడ మడి వచ్చిందా, ఆకుకూరలు వేసుకోండి. ఇంకా, ఆ స్థలంలో అంతకుముందు ఏముండేదో అడగండి. పాత ఇల్లు కూల్చిన చోటో, బళ్లు బాగుచేసిన చోటో అయితే మట్టిలో సీసం ఉండొచ్చు. పరీక్ష చేయించారా అని అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

అక్క: మొదటి ఏడాది సగం మడి చాలు.

తమ్ముడు: ఆ సగం మడిలోనూ మట్టి బయటికి కనపడకూడదు. రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో, గడ్డో కప్పాలి. తేమ ఆరదు, కలుపు తగ్గుతుంది, వానపాములు పైకొస్తాయి. కాండం చుట్టూ మాత్రం కాస్త ఖాళీ వదలాలి...

అక్క: గడ్డి అన్నావు. ఏ గడ్డి? ఎక్కడి గడ్డి?

తమ్ముడు: అక్కా, ఇప్పుడొద్దు.

అక్క: ఇప్పుడే కావాలి. చేరబోయేవాళ్లు తెలుసుకోవాల్సిన అసలు సంగతి అదే. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?

తమ్ముడు: నేనే చెబుతా. పోయిన ఏడాది మా తోటలోకి ఒక బండి పశువుల ఎరువు తెచ్చాను. బాగా చివికింది, నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసన. కంపోస్ట్ కుప్ప పక్కనే పోశాం, కావలసినవాళ్లు తట్టల్లో తీసుకెళ్లారు. మూడు వారాలకు చిక్కుడు మొక్కల చిగుర్లు దొప్పల్లా ముడుచుకున్నాయి. తర్వాత టమాటా. కొత్త ఆకులు సన్నగా, ఫెర్న్ ఆకుల్లా వచ్చాయి, కొమ్మలు మెలితిరిగాయి.

అక్క: నువ్వేమన్నావు అప్పుడు?

తమ్ముడు: తెల్లదోమ అన్నా. ఆకుముడత వైరస్ అనుకున్నా. సాయంత్రాలు వేపనూనె కొట్టించా. ఆకు తిప్పి చూస్తే ఒక్క దోమ లేదు. అసలు చిక్కుడుకీ టమాటాకీ ఒకే వారంలో ఒకేలాంటి ముడత ఎందుకొస్తుంది? పైగా ఆ ఎరువు వేసిన మడుల్లోనే, గట్టు గీత దగ్గర గీసినట్టు ఆగిపోయింది. పక్క మడి పచ్చగా ఉంది. ఎరువు వేసిన మడిలోనే మొక్కజొన్న నిక్షేపంగా ఉంది. అప్పుడు అర్థమైంది, ఇది కలుపు మందు పని అని.

అక్క: మన తోటలో ఎవరూ కలుపు మందు వాడరు. అది వినేవాళ్లకు తెలియాలి.

తమ్ముడు: వాడరు. అది పశువుల మేతతో వచ్చింది. అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ అని కొన్ని మందులున్నాయి. గడ్డిని ఏమీ చేయవు, వెడల్పాకు మొక్కల్ని మాత్రం చంపుతాయి, అందుకే మేత పొలాల్లో కొడతారు. ఆ గడ్డి తిన్న పశువు కడుపులో అవి విరగవు, పేడలో వచ్చేస్తాయి. కుప్పలో వేడెక్కినా అంత తొందరగా పోవు. వందకోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా చిక్కుడు, బఠాణీ, టమాటా, బంగాళాదుంప తట్టుకోలేవు. 2008లో బ్రిటన్‌లో అలాట్‌మెంట్ తోటలవాళ్లకు, అంటే చిన్న మడులు అద్దెకు తీసుకుని పండించుకునేవాళ్లకు, ఇదే జరిగింది. వాళ్ల గోడు విని ఆ ఏడాది అమినోపైరాలిడ్ అమ్మకాలు ఆపించారు. తర్వాత కొత్త షరతులతో మళ్లీ అనుమతించారు.

అక్క: ఇదంతా నీకు ఏ రోజు తెలిసింది?

తమ్ముడు: ...ఒక శుక్రవారం.

అక్క: అందరికీ ఎప్పుడు చెప్పావు?

తమ్ముడు: ఆ పై శనివారం.

అక్క: ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో ఇంకో నలుగురు ఆ కుప్పలోంచి ఎరువు ఎత్తుకెళ్లారు. ఎరువు తెచ్చినందుకు నిన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఎవరు తెచ్చినా అదే జరిగేది. ఆ ఎనిమిది రోజుల దగ్గరే నాకు ఇప్పటికీ మనసు కుదుటపడదు.

తమ్ముడు: ఖాయం చేసుకుని చెబుదామనుకున్నా. అనవసరంగా అందర్నీ టెన్షన్ పెట్టడం ఎందుకని.

అక్క: కుప్ప మీద ఒక పట్టా కప్పి, "ఎవరూ తీసుకోకండి, అనుమానంగా ఉంది" అని చీటీ పెడితే చాలు కదరా. ఖాయం చేసుకోవడం తర్వాత. సొంత పెరడైతే నష్టం నీ ఒక్కడిది. ఇక్కడ నీ తట్టలోది నా మడిలోకి వస్తుంది, నాది మూల మడి ఆవిడ మడిలోకి పోతుంది.

తమ్ముడు: ఆవిడ మళ్లీ రాలేదు.

అక్క: రాలేదు. జీవితంలో మొదటిసారి విత్తనం పెట్టింది. అది మొలిస్తే ఫొటో తీసి మనందరికీ చూపించింది, గుర్తుందా?

తమ్ముడు: గుర్తుంది. (కాసేపు మౌనం) భయమేసిందక్కా. నిజం అదీ. నేను తెచ్చిన ఎరువుతో ఇంతమంది మొక్కలు పోయాయని నా నోటితో చెప్పడానికి ధైర్యం చాలలేదు.

అక్క: ఆ మాట నాకు అప్పుడే చెప్పుంటే ఇద్దరం కలిసి చెప్పేవాళ్లం.

తమ్ముడు: ఆ మడులు ఇప్పుడు కోలుకుంటున్నాయి. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని మెల్లగా విరుస్తాయి. అందుకే తిరగతవ్వుతూ, తడి ఆరకుండా చూస్తూ, పైన...

అక్క: కప్పుతూ.

తమ్ముడు: అవును, కప్పుతూ. శుభ్రమైన ఆకులతో. మొక్కజొన్న వేశాం కానీ ఆ చొప్పను కంపోస్ట్‌లో వేయట్లేదు.

అక్క: ఇక నా మాట విను. బయటి ఎరువు తోటలోకి అస్సలు రానివ్వొద్దు. మన ఆకులు, మన వంటింటి తొక్కలు, మన కుప్ప. అంతే.

తమ్ముడు: అది సరిపోదక్కా. ఏడాదంతా కుప్ప పెడితే, చివికేసరికి సగం కూడా మిగలదు. అన్ని మడులకు ఎక్కడ చాలుతుంది? ఆపడం కాదు, పరీక్షించాలి. మూడు కుండీల్లో ఎరువూ మంచి మట్టీ సగం సగం, మూడింటిలో మంచి మట్టి ఒక్కటే. చిక్కుడు గింజలు పెట్టు. ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లోకి పారకుండా విడివిడి పళ్లేల్లో ఉంచు. గింజలోంచి మొదట వచ్చే పప్పు ఆకులు కాక, మూడు అసలైన ఆకులు వచ్చేదాకా, అంటే రెండు మూడు వారాలు చూడు. తేడా లేకపోతే వాడుకో.

అక్క: ఆ మూడు వారాలు ఆగే ఓపిక అందరికీ ఉంటుందా? నారు పెరిగిపోతుంటే?

తమ్ముడు: ఎరువు ముందే తెప్పించాలి. చివకని పచ్చి పేడ ఎరువైతే ఎలాగూ ఆగాలి. అమెరికా సేంద్రియ నిబంధనల్లో మట్టికి తగిలే పంటైతే పచ్చి ఎరువు కోతకు 120 రోజుల ముందే కలిపేయాలని ఉంది, తగలనిదైతే 90 రోజులు.

అక్క: కుప్ప దగ్గర ఒక పుస్తకం పెడితే ఒప్పుకుంటా. ఎవరు తెచ్చారు, ఏ రోజు, పశువులు ఏం తిన్నాయి, పొలంలో ఏం కొట్టారు. అడిగి రాయాలి. తెలియదంటే బండి లోపలికి రాకూడదు.

తమ్ముడు: పుస్తకం సరే. కానీ బియ్యం కడుగు కూడా రాయమంటావేమో.

అక్క: రాయమనను. పంట మార్పిడి గురించి చెబుతామన్నాం కదా, టైమ్ ఎంతయింది?

తమ్ముడు: అయిపోవచ్చింది. రెండు ముక్కల్లో చెబుతా. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఒకే కుటుంబం. వీటిలో ఏది తీసిన చోటా ఇంకోటి వెంటనే పెట్టొద్దు, మూడేళ్లు ఆగండి. మధ్యలో చిక్కుడు జాతి వేయండి. వేర్లకు బుడిపెలుంటే గోటితో గీరండి, ఊడివచ్చి లోపల గులాబీ రంగుంటే మంచివి, నత్రజని పట్టేవి. ఊడకుండా వేరు తానే ఉబ్బి ఉంటే, అది వేళ్లలో చేరే నులిపురుగుల పని.

అక్క: ఈసారి వచ్చిన ఎరువుకి పరీక్ష కుండీలు పెట్టి ఎన్ని రోజులయింది?

తమ్ముడు: ఇవాళ్టికి పంతొమ్మిది. పొద్దున చూశా. ఎరువు కుండీల్లో రెండు బాగున్నాయి. మూడోదాంట్లో కొత్తాకు అంచు కాస్త లోపలికి తిరిగినట్టుంది.

అక్క: నాకు చెప్పలేదేం?

తమ్ముడు: ఇప్పుడు చెబుతున్నా కదా. పొద్దున్నే పట్టా కప్పి చీటీ పెట్టాను.

అక్క: ...పెట్టావా?

తమ్ముడు: పెట్టా. ఎండకు ముడుచుకుందో, ఇంకేదో, నువ్వూ ఒకసారి చూడు. నా కంటి మీద నాకే నమ్మకం లేదు.

అక్క: పద. వెలుగు పోకముందే చూద్దాం. మైకు ఆపు.

తమ్ముడు: చెప్పులేసుకో, అక్కడ తడిగా