ఫ్లష్ ట్యాంకు మూత తీసి ఎన్నాళ్లయింది?

శ్రోతలకు నమస్కారం.

కమోడ్ తళతళలాడేలా తోముతాం. పైనున్న ఫ్లష్ ట్యాంకు మూత మాత్రం ప్లంబరు వస్తే తప్ప తియ్యం. విజయవాడలో మా అపార్టుమెంటులో కృష్ణ నీళ్లు చాలక బోరు నీళ్లు కూడా వాడతారు. మొన్న మూత ఎత్తి చూద్దునుగదా, గోడలకు తెల్లటి గార, అడుగున ఎర్రటి మడ్డి, చెయ్యి పెడితే జారే పాచి! అడుగున నీళ్లను ఆపే వాషరు చుట్టూ గార పేరుకుని అది సరిగా కూర్చోక, రాత్రంతా నీళ్లు సన్నగా కారిపోతున్నాయి.

మీ ఇంట్లోనూ కారుతోందేమో చూడాలంటే ట్యాంకులో గ్లాసుడు కాఫీ డికాక్షన్ పొయ్యండి. పాతదే లెండి, చిక్కటిది ఎవరు పోస్తారు! అరగంట ఫ్లష్ చెయ్యొద్దు. కమోడ్‌లోకి రంగు దిగిందంటే కారుతున్నట్టే.

గార అంటే నీళ్లలోని కాల్షియం రాయిలా గట్టిపడడం. సబ్బుకు లొంగదు, పులుపుకు లొంగుతుంది. రాగి చెంబుకు చింతపండు పట్టించే మనకు ఈ కిటుకు కొత్తేం కాదు. కాకపోతే చింతపండు పిప్పి వాల్వులో ఇరుక్కుంటుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, మేలు. ట్యాంకు కిందున్న కుళాయి కట్టేసి, ఒకసారి ఫ్లష్ చేసి ఖాళీ చెయ్యండి. నాలుగైదు చెంచాల నిమ్మ ఉప్పు అరబకెట్టు గోరువెచ్చటి నీళ్లలో కరిగించి పోసి, గంటసేపు వదిలెయ్యండి. మరిగే నీళ్లు మాత్రం వద్దు, పింగాణీ పగలొచ్చు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దడమే. కింద కడప రాళ్లు పరిచి ఉంటే చుక్క ఒలకనివ్వకండి, అదీ సున్నపురాయే, మచ్చ పడుతుంది.

వినెగరులో వంటసోడా కలిపి పొయ్యమంటారు కొందరు. బుసబుసా పొంగుతుంది, చూడముచ్చటే. కానీ ఒకదాని సత్తువను ఇంకొకటి తినేస్తుంది. సోడా కావాలంటే పాచికీ వాసనకీ విడిగా, చివర్లో వాడండి. బ్లీచింగ్ పౌడరు వేసిన చోట మాత్రం పులుపు పొయ్యనే పొయ్యొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్‌రూములో ప్రాణం మీదికొస్తుంది.

అంతా కడిగాక మళ్లీ డికాక్షన్ పోశాను. రంగు దిగింది! వాషరే అరిగిపోయింది. కొత్తది వేయించాను. ఆ రాత్రి బాత్‌రూములో చప్పుడు లేదు.

సెలవు.