పుస్తెలతాడు ముచ్చట

(మాట్లాడుతున్నది: యాదగిరి, సునీత)

సునీత: అందరికి నమస్తే. అన్నా, మైకు మంచిగున్నదా?

యాదగిరి: ఉన్నది చెల్లె. పోయినసారి లెక్క కూత రాకుండ కుక్కర్ బంద్ జేసే కూసున్న.

సునీత: ఆ ముచ్చట మల్ల ఎందుకు తీస్తవ్! సరే, ఇయాల మాట్లాడుకునేది, రిటైరైనంక పిల్లల దగ్గర, పరాయి దేశంల ఉండుడు ఎంత భద్రం అని. మంచిర్యాల నుంచి ఒక అక్క వాయిస్ మెసేజ్ పంపింది. వచ్చే నెల అమెరికాల డల్లాస్ పోతాందట, ఆరు నెలలకు. "ఆడ తుపాకులుంటయి గదా, నిద్ర పడ్తలేదు" అంటాంది.

యాదగిరి: అక్కా, తుపాకి కంటే ముందు రోడ్డు సంగతి చెప్త. ఆడ బండ్లు కుడిపక్క నడుస్తయి. రోడ్డు దాటేటప్పుడు మన మెడ అలవాటుగ కుడికి తిరుగుతది. ఆడనేమో మొదటి బండి ఎడమ దిక్కు నుంచి వస్తది.

సునీత: వచ్చిందా రోడ్డు! రెండు నిమిషాలు కూడ కాలే.

యాదగిరి: ఉత్తగ అంటలేను చెల్లె. 2022ల మన దేశంల హత్యలు 28,522. రోడ్ల మీద పోయినోళ్లు 1,68,491 మంది. ఆరింతలకు దగ్గర. అమెరికాల గూడ హత్యల కంటే రోడ్ల మీద పోయేటోళ్లే ఎక్కువ. జనం లెక్కన చూస్తే హత్యలు మనకంటే ఆడ ఎక్కువే, అది దాచొద్దు. అయినా ముసలోళ్లకు ముందు బండ్ల భయం ఉండాలె.

సునీత: అక్క ఇంకోటి గూడ అడిగింది. పుస్తెలతాడు ఏసుకొని పోవాల్నా, తీసి లాకర్ల పెట్టాల్నా అని.

యాదగిరి: లాకర్ల పెట్టాలె. అండ్ల ఆలోచించేది ఏమున్నది?

సునీత: ఏమున్నదా? మొగడు పక్కన ఉండంగ పుస్తెలు తియ్యమంటవా అన్నా?

యాదగిరి: పుస్తెలు తియ్యమన్ననా? తాడు మార్చుకోమంటాన. పసుపుతాడుకు పుస్తెలు కట్టుకుంటె సౌభాగ్యం ఏడికి పోతది? మా అవ్వ బతికినన్ని రోజులు పసుపుతాడే.

సునీత: మీ అవ్వ కాలంల బంగారం కొనే తాహతు లేకపాయె. ఈ అక్క ముప్పై ఏండ్లు కూడబెట్టి చేయించుకున్నదేమో. బిడ్డ ఇంటికి పోయేటప్పుడు బోడి మెడతోని పోవాల్నా?

యాదగిరి: జర వినుమని. కాలిఫోర్నియాల పోలీసులు ఎన్నోసార్లు చెప్పిన మోసం ఒకటున్నది. మనసొంటి పెద్దోళ్లు సాయంత్రం కాలిబాట మీద నడుస్తాంటరు. కారు వచ్చి ఆగుతది. లోపల ఒక ఆడామె, ఒక్కోసారి పిల్లలు గూడ. తొవ్వ అడుగుతరు. "మా నాయిన లెక్క ఉన్నవ్" అని కాళ్లకు మొక్కబోతరు, దండ బహుమతి అని మెడల ఏస్తరు. అది నకిలీది. అది ఏసే చేతులే మన మెడల ఉన్న అసలు బంగారాన్ని ఊడదీస్తయి. ఇంటికి పోయి అద్దంల చూసుకునేదాంక తెల్వది.

సునీత: అయ్యో.

యాదగిరి: తొవ్వ అడిగితె చెప్పకుండ పోవుడు మనకు రాదు. వాళ్లు కొట్టేది ఆ మర్యాద మీదనే.

సునీత: బ్రిటన్ల గూడ దీపావళి వచ్చిందంటె, మనోళ్ల ఇండ్లల్ల బంగారం కోసం దొంగలు పడతరని పోలీసులు ఏటా చెప్తరు. అంటె ఇంట్ల పెట్టినా భయమే గదా. మెడలుంటె కండ్ల ముందన్న ఉంటది.

యాదగిరి: అందుకే మంచిర్యాలల్నే ఉంచుమంటాన. తప్పదు, తీస్కపోతా అంటె విమానం ఎక్కే ముందు కస్టమ్స్ కౌంటర్ల నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీస్కోవాలె. మల్ల వచ్చేటప్పుడు అవి మనయే అని రుజువు ఉంటది.

సునీత: మా అమ్మది ఏడ పోయిందో నీకు ఎర్కనే గదా.

యాదగిరి: ఎర్కనే.

సునీత: హన్మకొండల. మా వాకిట్లనే. పొద్దుగాల ముగ్గు ఏసుకుంట వంగింది. ఇద్దరు బండి మీద వచ్చిన్రు. ఆమె తాడు ఇడువలే, నాలుగడుగులు ఈడ్చుకపోయిన్రు. ఇప్పటికి గూడ మాట్లాడుకుంట మాట్లాడుకుంట మెడ తడుముకుంటది. దొంగలు ఆ దేశంల ఉన్నరు, ఈ దేశంల లేరు అంటె నాకు కోపం వస్తది.

యాదగిరి: నేను అట్ల అనలే చెల్లె.

సునీత: నువ్వు అనలే. అందరంటరు.

యాదగిరి: మన ఊరోళ్లకు తుపాకి భయం ఊరికెనే రాలే. 2017ల అమెరికాల కాన్సాస్ రాష్ట్రం, ఓలేత్ ఊర్ల ఒక బార్ల కాల్పులైతె, తూటా తగిలి బతికిన పిల్లగాడు వరంగలాయన. అడ్డం పోయిన అమెరికా అబ్బాయికి గూడ తూటా తగిలింది. మల్లేడు జులైల కాన్సాస్ సిటీ హోటల్ల పని చేసుకుంట చదువుకునే మన వరంగల్ పిల్లగాడు పోయిండు. ఆ రోజు ఊరు ఊరంత...

సునీత: ఇగ చాలన్నా.

యాదగిరి: ఆ. ఒక్కటే చెప్త. కౌంటర్ మీద నిలబడే పిల్లలకు ఉండే ముప్పు వేరు, మనుమన్ని ఎత్తుకొని ఇంట్ల ఉండే అమ్మమ్మది వేరు. రెండు ఒక్కతీరు లెక్కపెట్టొద్దు.

సునీత: అసలు విషయం మిగిలిపాయె. జల్ది చెప్త. చూసొచ్చేతందుకు పోయినోళ్లకు మెడికేర్, అంటె ఆడ పెద్దోళ్లకు ఉండే సర్కారు ఆరోగ్య బీమా, రాదు. గ్రీన్ కార్డుతోని పోయిన తల్లిదండ్రులు అరవై ఐదు దాటినా, ఐదేండ్లు వరుసగ ఆడ ఉన్నంకనే పైసలు కట్టి అండ్ల చేరొచ్చు. అందుకని విజిటర్ ఇన్సూరెన్స్ తప్పదు. బీపీ, షుగర్ సొంటి పాత రోగాలకు అండ్ల ఏం వస్తది, ఏం రాదు, అది ముందుగాల్నే చదివించుకోవాలె. ఆపదల 911 కొట్టి "తెలుగు" అనాలె, చాలా చోట్ల దుబాసిని లైన్ల కలుపుతరు. ఇంటి అడ్రస్ కాగితం మీద రాసి సంచిల పెట్టుకోవాలె.

యాదగిరి: పోలీసోళ్లం, ఇమిగ్రేషనోళ్లం అని ఫోన్ జేసి గిఫ్ట్ కార్డులు కొనుమంటె ఫోన్ పెట్టెయ్యాలె. ఏ సర్కారు గూడ గిఫ్ట్ కార్డుల పైసలు తీస్కోదు.

సునీత: మరి తాడు సంగతి?

యాదగిరి: పసుపుతాడు.

సునీత: నేను ఒప్పుకోను. అక్కకు నేనే ఫోన్ జేస్త, ఆమె మనసుల ఏమున్నదో అడుగుత.

యాదగిరి: అడుగు. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకు...

సునీత: చెప్త.

యాదగిరి: మరిచిపోతవ్, రాసుకో.

సునీత: రాసుకున్న అన్నా. ఆగు, అమ్మ ఫోన్ చేస్తాంది.